నీరడి ఆశన్న నాటిన పార

చెరువు తూము తీసి, ఎవరి మడికి ఎన్ని నీళ్లు పోవాలో చూసి, వంతు ముగిశాక తూము మూసే మనిషిని నీరడి అంటారు. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు పక్కన ఎర్రకుంట అనే ఊరికి ఆశన్న నీరడి. ఆయన తండ్రి కూడా నీరడే. తండ్రి పోయిన ఏడే రెండు తెలుగు ప్రాంతాలు కలిసి ఒక్క రాష్ట్రమయ్యాయి. ఊళ్లో అందరూ ఆ సంగతే మాట్లాడుకున్నారు. ఆశన్నకు మాత్రం, ఇక తూము కాడికి తనే పోవాలి అన్నదొక్కటే గుర్తు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మోకాళ్ల కింద కాళ్లు ఎప్పుడూ బురద రంగే. పెండ్లినాడు తోమి తోమి కడిగినా పోలేదని భార్య భీమవ్వ నవ్వుతూ చెప్పేది. చదువు రాదు, వేలిముద్రే. కానీ చెరువు కింద నలభై ఎకరాల వరిలో ఏ మడి నీళ్లు నిలుపుకుంటుందో, ఏ మడి జారవిడుస్తుందో నడిచిపోతూనే చెప్పేవాడు. జీతమంటూ లేదు. కోతల కాలంలో ఒక్కొక్క రైతు కొన్ని వరి కట్టలు ఇచ్చేవాడు. అంతే. తిట్లు మాత్రం ఏడాది పొడుగునా వచ్చేవి.

"నీరడికి రెండు చెవులెందుకిచ్చిండో తెల్సా దేవుడు?" అనేవాడు ఆశన్న. "ఒకటి మీది మడోని తిట్లకు, ఒకటి కింది మడోని తిట్లకు."

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. నీరడి కాలువలో పార నాటాడంటే అక్కడ వంతు నడుస్తున్నట్టు. ఆ పారను నీరడి తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. పటేలైనా సరే, పోలీసైనా సరే. మరి వంతు ఎప్పుడు ముగుస్తుంది? కాలువ చివరి మడి వాళ్లు గట్టు మీద నిలబడి, ఇక నీళ్లు చాలని "సాలు" అనాలి. అప్పుడే నీరడి పార గుంజుతాడు. కాలువ చివర ఉండేది ఎప్పుడూ బీదవాళ్లే. ఆ మాటను వాళ్ల నోట్లో పెట్టిన పాతకాలపు మనిషెవరో గాని, తెలివైనవాడు.

ఎర్రకుంట కాలువ రోడ్డు దాటి అవతలికి పోతుంది. రోడ్డవతల నాలుగు కుటుంబాల వరి ఉండేది. అందులో చిట్టచివరిది గంగుబాయి ఎకరంన్నర. పెండ్లయిన నాలుగేండ్లకే భర్త పోయాడు. ఒక్కతే బిడ్డ సాయవ్వ. ఆమెను నవీపేటకు ఇచ్చారు. గంగుబాయి ఒక్కతే దున్నించుకుని, నాట్లు వేయించుకుని బతికేది. నోరు మాత్రం పెద్దది. ఆమె గట్టు మీద నిలబడి కేకేస్తే కొంగలు రెండు మళ్లు అవతలికి పోయి వాలేవని చెప్పుకునేవారు.

"ఓ ఆశన్నా! నా మడికి నీళ్లు నడుసుకుంట వస్తున్నయా, కూసుంట లేసుకుంట వస్తున్నయా?"

"వస్తున్నయక్కా, ఎడ్లబండెక్కి వస్తున్నయి!"

వాళ్ల మాటలు ఇట్లా ఉండేవి.

పంతొమ్మిది వందల అరవై మూడు వచ్చేసరికి ఊరు చాలా మారింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఉంది. చెరుకు వేస్తే నాట్లు లేవు, కలుపు తిప్పలు తక్కువ, కోతకు మనుషులను ఫ్యాక్టరీయే పంపుతుంది. ఊరి రైతుల్లో సగం మంది వరి మానేసి చెరుకు పట్టారు. చెరుకు బండ్లు వరుస కట్టి రోడ్డు మీద పోతుంటే రాత్రీ పగలూ గజ్జెల చప్పుడే. బండ్లోళ్లు ఆగేచోట చాయ్ కావాలి, బీడీలు కావాలి, ఇరుసుకు కందెన కావాలి. దాన్ని ముందుగా చూసినవాడు బాలనర్సయ్య.

బాలనర్సయ్య ఆ ఊరి రైతే. చిన్న చిన్న గుత్త పనులు పట్టి పైకొచ్చాడు. పంచాయతీ మెంబరు కూడా. రోడ్డు పక్కన కాలువకు ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఆయనదే భూమి. అక్కడ వరుసగా ఏడు మడిగెలు, అంటే దుకాణం గదులు, కట్టి కిరాయికి ఇవ్వాలని అనుకున్నాడు. నడుమ అడ్డం వచ్చేది కాలువ. కాలువ సర్కారుది. పారే కాలువ మీద గోడ కట్టనియ్యరు. వదిలేసిన కాలువైతే అడిగేవాళ్లు ఉండరు. కాబట్టి కాలువ వాడకంలో లేదని తాలూకా కచేరికి అర్జీ పెట్టాడు.

ఏప్రిల్ ఆఖరులో విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. పేరు చెన్నకేశవరావు. కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి నెల కూడా కాలేదు. మంచివాడే. ఎండకు తట్టుకోలేక ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో రుమాలు పట్టుకుని కాలువ గట్టు మీద నిలబడ్డాడు. యాసంగి కోతలు అయిపోయాయి, తూము మూసి ఉంది, కాలువలో చుక్క లేదు.

"ఏమయ్యా నీరటికాడా, ఈ కాలువ సంగతేంటి?" అని అడిగాడు.

"గిప్పుడు పండుకున్నది సారు," అన్నాడు ఆశన్న.

"ఏంటీ?"

"పండుకున్నది సారు. ఎండకాలం గద."

తూము మూస్తే కాలువ పండుకుంటుంది, తీస్తే లేస్తుంది. నీరడ్ల మాట అది. చెన్నకేశవరావుకు అర్థం కాలేదు. సరిగ్గా అప్పుడే ఆఖరి చెరుకు బండ్లు రోడ్డు మీద గోల గోలగా పోతున్నాయి. ఆ గోలలో బాలనర్సయ్య ఆఫీసరు చెవి దగ్గరికి వంగి అర్థం చెప్పాడు. "పడావు పడ్డదంటున్నడు సారు."

పడావు అంటే ఎవరూ వాడక వదిలేసినది. పండుకున్నది, పడావు పడ్డది. కొత్త చెవికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఆఫీసరు రాసుకున్నాడు. ఆశన్న ఎప్పటిలాగే బొటనవేలు సిరాలో ముంచి ఒత్తాడు. కచేరి కాగితాల మీద వేలు పెట్టడం ఆయనకు కొత్త కాదు. ఏం రాశారని అడిగే అలవాటు లేదు. అదే ఆయన చేసిన తప్పు.

నెల తిరిగేసరికి కాలువకు అడ్డంగా పునాది తవ్వడం మొదలైంది. ఆశన్న పరుగున కచేరికి పోయాడు. చెన్నకేశవరావు కాగితం తీసి చదివి వినిపించాడు.

"'సదరు కాలువ పడావు పడినది' అని నువ్వే చెప్పావు కదయ్యా. ఇదిగో నీ వేలిముద్ర."

"నేను పండుకున్నదన్న సారు! పండుకున్నోన్ని పాతిపెడ్తరా?"

ఆఫీసరు కాగితాన్ని మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో ఆయనకు అర్థమైంది. "నేను విన్నదే రాశానయ్యా. ఇప్పుడు మార్చాలంటే పైకి రాయాలి. రాస్తాను. జవాబు ఎప్పుడొస్తుందో చెప్పలేను," అన్నాడు. నిజంగానే రాశాడు. జవాబు రాకముందే ఆయనకు మళ్లీ బదిలీ అయింది.

ఇంటికొచ్చాక భీమవ్వ ఊరుకోలేదు.

"మీ నాయిన తూము మీద కూసుండి సచ్చిండు గని, ఒక్క మడిని ఎండనియ్యలే. నువ్వు ఒక్క బొటనేలుతోని కాలువనే సంపితివి!"

"సంపలే. పండుకున్నదన్న."

"మంచిగున్నది! ఇగ గంగక్కకు చెప్పు పోయి, నీ వరి గూడ పండుకుంటది అని."

ఆశన్న గంజి తాగలేదు. సిరా మరక పోయి చాలా రోజులైంది, అయినా వేలిని రాతి మీద పెట్టి రుద్దుతూ కూర్చున్నాడు. రోడ్డవతల నాలుగు కుటుంబాలకు ఆ కాలువ తప్ప వేరే నీళ్లు లేవు. ఆ నీళ్లను తన నోటితోనే పోగొట్టాడు. మళ్లీ తెచ్చే దారి కాగితంలో లేదు.

తెల్లవారి మేస్త్రీలు వచ్చేసరికి పునాది గుంత నట్టనడుమ, కాలువ పారే చోట, ఒక పార నాటి ఉంది. ఆశన్న తండ్రి పార అది. పక్కనే ఆశన్న తువ్వాల నడుముకు కట్టుకుని నిలబడ్డాడు.

మేస్త్రీ ఆత్మారాం ఆ ఊరివాడే. పారను చూసి తాపీ కింద పెట్టేశాడు. "నేను ముట్ట పటేలా. నువ్వు ముట్టుకుంటవా చూడు," అన్నాడు బాలనర్సయ్యతో.

"ఏందిరా ఆశన్నా గిది? కాలువల చుక్క లేదు. వంతేంది, పారేంది?" అని బాలనర్సయ్య కేకలు వేశాడు.

"పోయిన పంట వంతు ఒడ్వలే పటేలా, ఇంక నడుస్తనే ఉన్నది. ఆఖరి తడి నాడు గంగక్క ఊళ్లె లేదు. బిడ్డ కాన్పుకు నవీపేటకు పోయింది. సాలు అనేటోళ్లు లేరు. మడి నిండిందని నేనే పార గుంజిన. తప్పు నాదే. ఇప్పుడు మల్ల నాటిన."

ఊళ్లో వాళ్లు చేరారు. ఆ మాట నిజమేనని పదిమందికీ గుర్తుంది. ఆ తడి నాడు గంగుబాయి ఊళ్లో లేనే లేదు.

"అయితే పిలువుండ్రి ఆమెను! ఒక్క మాట అంటే ఒడ్సిపోతది," అన్నాడు బాలనర్సయ్య.

గంగుబాయి వచ్చింది. చేతిలో కొడవలి, కొంగులో గడ్డి పరకలు. గుంతను చూసింది, పారను చూసింది, ఆశన్న మొహం చూసింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే సంగతి పట్టేసింది.

"గంగక్కా, పోయిన పంట నీ మడి నిండిందా లేదా? నిండింది గద. సాలు అని ఒక్క మాట అను."

"నీ మడిగెలు నిండినయా నర్సయ్యా?"

"ఇంకా కట్టనే లేదు గద!"

"ఏడు కడ్తవంట గద. నువ్వు సాలు అను, ఎనుక నేనంట."

జనం గొల్లున నవ్వారు. బాలనర్సయ్యకు కోపమొచ్చింది గాని పార మీద చెయ్యి వేయలేదు. పట్నం నుంచి వేరే మేస్త్రీలను తేవచ్చు. కానీ వచ్చే ఏడాది పంచాయతీ ఎలక్షన్లు ఉన్నాయి. నీరడి పార పీకిన మనిషికి వరి రైతులు ఓటెట్లా వేస్తారు? పైగా ఆయన తండ్రి కూడా ఒకప్పుడు కాలువ చివరన వరి వేసినవాడే. చిన్నప్పుడు పార ముట్టబోతే తండ్రి చెంప పగలగొట్టిన సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

"సరే. పార ఉన్న కాడ సందు ఇడువుండ్రి. ఈమె ఎన్ని దినాలు అనదు? అన్ననాడు మూస్త," అన్నాడు.

ఈ పక్క మూడు మడిగెలు, ఆ పక్క మూడు మడిగెలు, నడుమ రెండు గజాల సందు. ఏడో మడిగె కోసం చేయించిన దర్వాజా ఆ సందు పక్కనే గోడ వెంట నేల మీద పెట్టారు. అది అక్కడే ఉండిపోయింది. జూన్‌లో తూము తీస్తే నీళ్లు సందులోంచి పోయి గంగుబాయి మడి చేరాయి. ఆమె గట్టు మీద నిలబడింది. నోరు మాత్రం తెరవలేదు. అంత నోరున్న మనిషి ఊరుకోవడం అదే మొదటిసారని భీమవ్వ అనేది.

ఆ రోజు నుంచి గంగుబాయి నోట ఆ ఒక్క మాట రప్పించడం బాలనర్సయ్యకు పట్టుదల అయింది. ఊరికేమో అదొక తమాషా. దుకాణంలో ఉప్పు కొలిచేటప్పుడు కొలిచేవాడు కావాలనే "సాలా గంగక్కా?" అనేవాడు. ఆమె చేయి అడ్డం పెట్టేది తప్ప పలికేది కాదు. కల్లు దుకాణం కాడ కూడా అంతే. నవీపేట నుంచి వచ్చిన మనవరాలికి జడ వేస్తూ కూడా ఆ మాట రాకుండా చూసుకునేది.

అరవై ఏడులో బాలనర్సయ్య కొడుకు పెండ్లి జరిగింది. ఊరంతటికీ భోజనాలు. గంగుబాయి బంతిలో కూర్చుంది. బాలనర్సయ్య స్వయంగా బగారన్నం బకెట్ పట్టుకుని ఆమె ముందుకొచ్చాడు.

"తిను గంగక్కా. ఇంకింత?"

ఆమె తింటూనే ఉంది. ఆయన వడ్డిస్తూనే ఉన్నాడు. విస్తరి మీద అన్నం గుట్ట అయింది. పక్కవాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. ఎదుటి బంతిలో ఆశన్న ముద్ద నోటి దాకా తెచ్చి అట్లే ఆగిపోయాడు. కడుపు నిండిన మనిషి అనే మొదటి మాట ఏదో అందరికీ తెలుసు.

"ఇంకింత పెట్టాల్నా, ఏమంటవ్?" అన్నాడు బాలనర్సయ్య, నవ్వు ఆపుకుంటూ.

గంగుబాయి నీళ్లు తాగి మూతి తుడుచుకుంది. "నా కడుపు నిండింది నర్సయ్యా. మడి నిండలే," అని మిగిలిన అన్నం కొంగులో మూటకట్టుకుని లేచింది.

బకెట్ కింద పెట్టి బాలనర్సయ్య కూడా నవ్వాడు. ఇంకేం చేస్తాడు?

అయితే ఒక సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. వరిని తరిమింది బాలనర్సయ్య ఒక్కడే కాదు. సందు ఉంది, నీళ్లు వస్తున్నాయి, అయినా రోడ్డవతల ముగ్గురు రైతులు ఒకరి వెనుక ఒకరు వరి మానేశారు. ఒకాయన బోరింగు వేసి చెరుకు పెట్టాడు. ఒకాయన రోడ్డు పక్క ముక్కలు చేసి ఇండ్ల జాగలకు అమ్మాడు. మూడో ఆయన కొడుకులు పంచుకుని కొంత చెరుకు పెట్టారు, కొంత అమ్మారు. వాళ్లెవరూ కచేరిని అడగలేదు, కచేరి వాళ్లనూ అడగలేదు. డెబ్బై వచ్చేసరికి ఆ సందులోంచి నీళ్లు పోయేది గంగుబాయి ఒక్కదాని కోసమే. ఆశన్నకు కోతల్లో వచ్చే కట్టలు తగ్గిపోయాయి. భీమవ్వ చెరుకు కోతకు పోవడం మొదలుపెట్టింది. ఆశన్న పోలేదు.

"నీరడి చెరుకు కొట్టుడేంది?" అనేవాడు.

"నీరడి పెండ్లాం కొట్టొచ్చా?" అనేది భీమవ్వ. ఆయన లేచి తూము కాడికి పోయేవాడు.

ఒకసారి పార కట్టెను చెదలు తినేశాయి. ఇనుము గుంజకుండా, అది నేలలో ఉండగానే కొత్త కట్టె దిగగొట్టాడు. బాలనర్సయ్య దర్వాజా మీద కూర్చుని అంతా చూశాడు, ఇనుము కొంచెం కదిలినా పట్టుకుందామని. కదలలేదు.

డెబ్బై రెండులో కరువొచ్చి చెరువు ఎండింది. కాలువలో దుమ్ము లేచింది.

"ఇప్పుడేమంటవ్ ఆశన్నా?"

"పండుకున్నది పటేలా."

డెబ్బై నాలుగులో గంగుబాయి మంచం పట్టింది. సాయవ్వ, అల్లుడు రామ్‌దాస్ నవీపేట నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పక్క చేను బోరింగు నీళ్లు గంటకింత అని మాట్లాడుకుని, ఎకరంన్నరలో చెరుకు పెడతామన్నాడు రామ్‌దాస్. ముసలామె పడుకునే ఒప్పుకుంది, ఒక్క షరతు పెట్టింది. కాలువ మొనలో రెండు మంచాలంత జాగ వరికి వదలాలి. రామ్‌దాస్‌కు నవ్వొచ్చింది గాని వదిలాడు. ఆ రెండు మంచాల మడి కోసం ఆశన్న చెరువు నుంచి అరమైలు కాలువ తీసి, సందులో చాయ్ దుకాణం వాళ్లు పారేసిన చెత్తంతా ఎత్తి, నీళ్లు తెచ్చేవాడు.

మరుసటి ఏడు నాట్ల ముందే గంగుబాయి పోయింది.

పదకొండో రోజు కార్యం అయ్యాక బాలనర్సయ్య వచ్చాడు. ఆయనా ముసలివాడయ్యాడు, చేతికర్ర వచ్చింది. రామ్‌దాస్‌ను పక్కకు పిలిచి చెప్పాడు. సందు మూస్తే ఏడో మడిగె వస్తుంది. దాన్ని రామ్‌దాస్‌కే ఇస్తాడు. సైకిళ్ల దుకాణం పెట్టుకోవచ్చు. రామ్‌దాస్‌కు ఎప్పటి నుంచో అదే కోరిక. కానీ భూమి ఇప్పుడు సాయవ్వది. మాట అనాల్సింది ఆమె.

అందరూ సందు కాడికి పోయారు. ఆశన్న అప్పటికే అక్కడ ఉన్నాడు, తువ్వాల నడుముకు కట్టుకుని. పన్నెండేండ్ల కింద కట్టుకున్నట్టే.

"మామా, నువ్వేమంటవ్?" అని సాయవ్వ అడిగింది.

"నేననేది ఏముంటది బిడ్డా. చివరి మడి నీది. నువ్వు సాలు అంటే గుంజుత. అనకుంటే గుంజ. ఇన్నేండ్లు గీ పద్ధతి పట్టుకునే పారను నిలవెట్టిన. ఇయ్యాల నాకు కష్టమైతదని దాన్ని ఇడుస్తనా?"

అనేసి పార మీద చెయ్యి వేశాడు. బాలనర్సయ్య చేతికర్ర మీద ముందుకు వంగాడు. రామ్‌దాస్ భార్య మొహంలోకే చూస్తున్నాడు.

సాయవ్వ కొంతసేపు ఆ పారనే చూసింది. తర్వాత అంది: "మా అవ్వ పోయేటప్పుడు నోట్ల నీళ్లు పోసిన మామా. రెండు గుక్కలు మింగింది. సాలా అవ్వా అన్న. తల అడ్డం ఊపింది. మూడోది పోసేసరికి పోయింది."

ఆమె బాలనర్సయ్య వైపు తిరిగింది.

"ఆమె అననిది నేనెట్లంట?"

"ఓ బిడ్డా, అవి నోట్ల నీళ్లు! గివి కాలువ నీళ్లు!" అన్నాడు బాలనర్సయ్య.

"నీళ్లు నీళ్లే పటేలా."

బాలనర్సయ్య పోయి దర్వాజా మీద కూర్చున్నాడు. తెచ్చుకున్న మేస్త్రీలకు చాయ్ తాగిపించి పంపేశాడు. "తల్లి అనలే, బిడ్డ అనలే. ఇగ మనవరాలిని అడుగుడు నా కొడుకు పని," అన్నాడు. రామ్‌దాస్ వారం రోజులు భార్యతో మాట్లాడలేదు. తర్వాత ఇంటి ముందరే చింత నీడకు సైకిల్ పంపు పెట్టుకుని కూర్చున్నాడు. గిరాకీ బాగానే వచ్చింది.

ఆ వానాకాలం సాయవ్వ రెండు మంచాల మడిలో నాట్లు వేసింది. ఆశన్న నీళ్లు తెస్తుంటే కచేరి నుంచి కొత్త ఆఫీసరొకాయన జీపు ఆపి దిగాడు. చేతిలోని పటం చూశాడు, సందు చూశాడు.

"ఇక్కడ కాలువ ఉన్నట్టు కాగితంలో లేదే?"

"కాలువ లేసింది సారు. కాగితమే పండుకున్నది," అన్నాడు ఆశన్న. ఆఫీసరుకు అర్థం కాక జీపెక్కి వెళ్లిపోయాడు.

కోతలయ్యాక సాయవ్వ పద్ధతి ప్రకారం నీరడి వంతు తెచ్చి ఇచ్చింది. ఒక్క కట్ట, అదీ చిన్నది. భీమవ్వ దాన్ని ఎత్తి చూసి, కింద పెట్టి, మళ్లీ ఎత్తి చూసింది.

"కోడిపిల్లకు గూడ సాలది గిది," అంది.

"గట్లనే అనాలె," అన్నాడు ఆశన్న. కట్టను చూరుకు కట్టి, కాళ్లు కడుక్కోను పోయాడు.